గొఱ్ఱెల అరుపు: విశాఖపట్టణ సంఘముల పెద్దలకు బహిరంగ లేఖ



క్రిస్మసు మాసము సమీపించుటచే మన పట్టణమున ప్రతి సంఘమందును కమిటీలు కూర్చుండియున్నవి. గాజువాక మొదలు మధురవాడ వరకు ఏ సంఘమువారి సెమీ క్రిస్మసు ఏ తేదీన, ఏ మైదానమునకు ఎవరి అనుమతి కావలెను, షామియానా కెంత, మైకుసెట్టు కెంత, డిసెంబరు 31వ తేదీ రాత్రి కూటమునకు వర్తమానము చెప్పువారెవరు అను సంగతులన్నియు పద్దులలో నెక్కుచున్నవి. ఈ యేర్పాట్లను తప్పుపట్టుటకై నేనీ లేఖ వ్రాయుటలేదు. అయితే ఏ కమిటీకిని అప్పగింపబడక, ఏ పద్దులోనికిని ఎక్కక, ఏటేట అట్లే మిగిలిపోవుచున్న విషయ మొకటి కలదు. ఆ పందిటిలోనికి మనము ఎట్టి హృదయముతో వచ్చి కూర్చుండుచున్నామన్నదే యది. ఇట్టి మాట సామాన్య సభ్యుడు కాపరిగారి యింటికి పోయి మెల్లగా విన్నవించుకొనుట మర్యాద యని యెఱుగుదును. కాని యిది ఒక్క సంఘముతో తీరునది కాకపోవుటచేతను, గదిలో చెప్పిన మాటలు గదిలోనే యుండిపోవుట చూచియున్నందునను అందఱి యెదుట వ్రాయ సాహసించుచున్నాను.

సౌలు రాజు కథ మీకు చెప్ప నక్కఱలేదు. మీరే దానిని మాకు చెప్పితిరి. అమాలేకీయులతోడి యుద్ధమున సమస్తమును నిర్మూలము చేయుమని ఆజ్ఞ పొందినవాడు, పనికిమాలినదాని నంతయు నిర్మూలము చేసి, క్రొవ్విన గొఱ్ఱెలను, ఎడ్లను మిగుల్చుకొని, ప్రవక్త యెదురుపడగానే ఆజ్ఞను నెరవేర్చితినని సంతోషముతో పలికెను. అంతలో మందలోని గొఱ్ఱెలు అఱచినవి. ఆ యరుపేమని సమూయేలు అడిగినప్పుడు సౌలు చెప్పిన జవాబును గమనింపుడు. లోభపడితి ననలేదు, మఱచితి ననలేదు. దేవునికి బలి యర్పించుటకే జనులు తెచ్చి రనెను. అవిధేయతకు ఆరాధనయే సాకైనది. మన యారాధనను నిర్జీవము చేయుచున్న హృదయవైఖరులు ఎన్ని పేరులతో కనబడుచున్నను, వాని మూలము ఈ సాకునందే యున్నదని నా నమ్మకము. మనము దేవుని ద్వేషించు జనము కాము. ఆయన అడిగినదానిని దాచుకొని, అడుగనిదానిని రెట్టింపుగా నిచ్చి, ఆ యిచ్చునప్పుడు నిజముగనే కన్నీరు కార్చు జనము. నాస్తికుడు మన యాలయపు గడప త్రొక్కడు గనుక వానివలన మన పాటకు వచ్చు నష్టమేమియు లేదు. పాట చెడుట పాడువారివలననే.

రేవుపట్టణమువారము గనుక ఈ సంగతికి దృష్టాంతము మన కన్నులయెదుటనే యున్నది. 1933లో మన రేవు తెరవబడిన నాటినుండి, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనున్న ఆ సన్నని కాలువగుండ లోపలి రేవులోనికి వచ్చు పెద్ద ఓడలు రేవువారి పైలట్‌ను ఎక్కించుకొనియే రావలెను. త్రాటినిచ్చెన దింపి, అతడు పైకి రాగానే ఎదురేగి సలాము చేసి, వేడి కాఫీ చేతికిచ్చి, అతనివంటి నేర్పరి ఈ తీరమున లేడని పొగడి, అతడు చుక్కాని ఎడమకు త్రిప్పుమన్నప్పుడు మాత్రము కుడికి త్రిప్పు కప్తాను ఎవడైన నున్నయెడల, ఆతని మర్యాదను మనమెంత మెచ్చుకొన్నను ఓడ కొండకు కొట్టుకొనుట తప్పదు. ఆదివారమునాటి మన పాటలును, చప్పట్లును, కన్నీటి ప్రార్థనలును ఆ కాఫీగిన్నెకంటె ఎక్కువైనవేనా, కావా అన్నది సోమవారమున చుక్కానివైపు చూచినగాని తెలియదు.

మొదట ప్రాచీన సంఘములవారితో ఒక మాట. 1805లో లండను మిషనరీ సంఘము పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను నిరువురు ఈ పట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చి, దక్షిణమునుండి వచ్చిన ఆనందరాయరు అను క్రైస్తవుడైన బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను తెలిగింప పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను కన్నుమూసిరి. వారి శ్రమఫలమైన సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయి వెలువడునప్పటికి, ఆ పుస్తకమును చేత పట్టుకొని చూచుటకు ఆ యిరువురిలో ఒక్కరును లేరు. ఎడ్వర్డు ప్రిచెట్ తెలిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చయ్యెను. అటుపిమ్మట జాన్ హే దశాబ్దముల తరబడి ఈ పట్టణమందే కూర్చుండి ఆ తెలుగును దిద్దుచు ముసలివాడయ్యెను. ఇది నిజముగా గొప్ప చరిత్ర. దీనిని పిల్లలకు చెప్పవలెను, ఏటేట చెప్పవలెను. కాని యీ చరిత్రను మనము చెప్పుకొను తీరు వేఱుగా నున్నది. మేము ఫలానా సంవత్సరపు సంఘమువారము, మా తాతగారు ఫలానా దొరగారియొద్ద బాప్తిస్మము పొందిరి, మీరు నిన్న మొన్న వచ్చినవారు అని క్రొత్త విశ్వాసి ముఖముమీద అనకపోయినను, సంఘపు ఓటర్ల పట్టిక వ్రాయునాడు అనినంత పని చేయుచున్నాము. అబ్రాహాము మాకు తండ్రి యని చెప్పుకొన్న జనమునకు యోర్దాను ఒడ్డున యోహాను చెప్పిన జవాబు మనకు కంఠస్థమే; అది యూదుల కొఱకని తలంచుచున్నాము. క్రాన్, డెగ్రాంజ్ తమ ప్రాణములు ధారపోసి మనకిచ్చినది వినుటకును, విని నడుచుకొనుటకును తెలుగున నొక గ్రంథము. దానిని తెరవక, దాని యచ్చుతేదీని బ్యానరుమీద వేయించుకొనుట వారికి మనము చేయు గౌరవమా? (స్వతంత్ర సంఘములవారు ఇంతలో సంతోషింపరాదు. మేము ఏ దొరతనమునకును, ఏ మిషనుకును చెందినవారము కాము, వాక్యానుసారముగా నడుచువారము మేమే యను మాటలోని గర్వమునకు వయస్సు తక్కువైనను బలము ఎక్కువ.)

ఉక్కు కర్మాగారము వచ్చిన తరువాత మన సంఘముల రూపమే మాఱినది. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని నినదించినవారి ప్రాణత్యాగముచే సంపాదింపబడి, 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారము గుంటూరునుండి, కృష్ణానుండి, గోదావరి జిల్లాలనుండి, శ్రీకాకుళము, విజయనగరములనుండి విశ్వాసులను తెచ్చి, ఉక్కునగరము సెక్టారులలోను, కూర్మన్నపాలెము, గాజువాక వీధులలోను ఒకరి గోడకు ఆనించి ఒకరిని కాపురముంచినది. లూథరనులు, బాప్తిస్టులు, సి.ఎస్.ఐ. వారు, కతోలికులు, పెంతెకొస్తువారు ఒకే షిఫ్టు బస్సులో పోయి ఒకే కొలిమి వేడికి చెమటోడ్చుచున్నారు. మంచిదే. పిల్లకు సంబంధము మాటలాడుటకు రెండు కుటుంబములు కూర్చున్నప్పుడు ఏమి జరుగుచున్నదో చూతము. ముందు ప్రార్థన జరుగును. కీర్తన యొకటి పాడుదురు. టీ గ్లాసులు వచ్చును. "ఏ సంఘమండీ మీది?" అను ప్రశ్న మొదటిది. "అమ్మాయి రక్షణ పొందిందా?" అన్నది రెండవది. ఆ రెండింటికిని జవాబు సంతోషముగా విన్న పిమ్మట, పెద్దవారిలో ఒకరు కుర్చీ కొంచెము ముందుకు జరుపుకొని, గొంతు తగ్గించి, "ఇంతకీ అసలు మీరేమిట్లండీ?" అని యడుగుదురు. సంబంధము నిలుచుటయు, తప్పిపోవుటయు ఈ మూడవ ప్రశ్నమీదనే. నిలిచినచో నాల్గవ మాట వచ్చును: "మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది పెట్టుకోండి." ఆ మాటకు అర్థమేమో, ఎన్ని లక్షలో, ఆ గదిలోనున్న పసిపిల్లలకుకూడ తెలియును. కట్టకడపట మరల ప్రార్థన.

ఒక్కొక్క మిషను ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క కులమునందు ఎక్కువగా వ్యాపించినది చరిత్రవశమున. దానికి నేటి మనము బాధ్యులము కాము. కాని ఆ గీతను పట్టణమునకు వచ్చిన తరువాతకూడ బ్లేడు పెట్టి గీసినట్లు కాపాడుకొనుటకు బాధ్యులము మనమే. ఒంగోలునుండి వచ్చినవారు మనలో ననేకులున్నారు గనుక అచ్చటి సంగతి యొకటి జ్ఞప్తికి తెత్తును. బాప్తిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో అచ్చట కాపురము పెట్టిన తొలిదినములలో ఊరి పెద్దకులములవారు ఆయనయొద్దకు ఆదరముతో వచ్చుచుండిరి. ఇంతలో యెఱ్ఱగుంట్ల పేరయ్య మొదలైన మాదిగలు విశ్వసించి, తమ పల్లెలనుండి తమవారిని వెంటబెట్టుకొని రాజొచ్చిరి. వీరిని చేర్చుకొన్నయెడల మేము రామని పెద్దలు తేటతెల్లముగా చెప్పిరి. లోకజ్ఞానము గలవాడెవడైన ఏమి చేయునో మనకు తెలియును. ఏమి చేయుటకును తోచక క్లౌ దొర తన గదిలోను, ఆయన భార్య తన గదిలోను, ఒకరి సంగతి యొకరికి తెలియకుండ గ్రంథము తెఱవగా, ఇరువురికిని కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రికలోని మొదటి యధ్యాయమే, లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన ఆ భాగమే కనబడినదని ఆయన తరువాత చెప్పుకొన్నాడు. పెద్దకులములవారు మరలిపోయిరి, మాదిగలు లోనికి వచ్చిరి. వ్యయము తెలిసియు విధేయత చూపుట యనగా నిది. ఆ నాడు లోనికి పిలువబడినవారి మనుమలము నేడు మనలో మనము "అసలు మీరేమిట్లు" అని యడుగుకొనుచున్నామనగా, ఆ ప్రశ్న ముందు చేసిన ప్రార్థన ఎవరికి చేరినట్లు?

ఇక వాగ్దాన కార్డుల సంగతి. డిసెంబరు 31వ తేదీ రాత్రి పండ్రెండు గంటలు కొట్టి, ఒకరి నొకరము కౌగిలించుకొనుట ముగిసిన పిమ్మట, పళ్లెములో బోర్లించిన చిన్న కార్డులు వచ్చును. వరుసగా పోయి ఒక్కొక్కటి తీసికొందురు. వృద్ధియనియు, ఆశీర్వాదమనియు వచ్చినవారు ముఖము వికసింప దానిని బైబిలు అట్టలో దాచుకొందురు. ఓర్పును గూర్చియో, శ్రమను గూర్చియో వచ్చినవారు ప్రక్కవారి కార్డులోనికి తొంగిచూతురు. పళ్లెము వెనుకకు పోవునప్పుడు ఎవరును చూడకుండ మఱియొకటి తీసికొనువారును లేకపోలేదు. ఆ బల్లమీద పరచిన కార్డులలో ఆజ్ఞ ఒక్కటియు నుండదు. శత్రువును ప్రేమింపుమని గాని, అప్పు తీర్చుమని గాని, సహోదరునియొద్దకు పోయి సమాధానపడుమని గాని అచ్చయిన కార్డును నేనింతవరకు చూడలేదు. అచ్చువేయువారి నని ప్రయోజనము లేదు. అట్టిది వేసినచో కొనువా రెవరు? ద్వితీయోపదేశకాండము ఇరువదియెనిమిదవ అధ్యాయములోని తలను, తోకను గూర్చిన మాట మన యిండ్ల గోడలమీద ఎన్ని కాలెండర్లలో వ్రేలాడుచున్నదో లెక్కలేదు. ఆ మాట విధేయతయను షరతుమీద ఇయ్యబడినది. షరతు లేకుండ దానిని కత్తిరించుకొని గోడకు తగిలించుకొన్నాము. సౌలు చేసినదానికిని దీనికిని భేదమేమి? మంచి గొఱ్ఱెలను ఏరుకొనుటయే గదా.

మన సాక్ష్యములను వినుడు. ప్రమోషను వచ్చినది, ప్లాటు రిజిస్ట్రేషను అయినది, అబ్బాయికి వీసా వచ్చినది, దేవునికి స్తోత్రము. స్తోత్రము చెప్పవలసినదే, అన్నము పెట్టినవానిని తలంచుట ఉత్తముల లక్షణము. అయితే లంచము తీసికొనుట మానివేసితినని, తండ్రి యాస్తిలో చెల్లెలికి రావలసిన పాలు ఇచ్చివేసితినని చెప్పిన సాక్ష్యము మీరు ఎన్నడైన వింటిరా? జక్కయ్య సాక్ష్యము సరిగా నట్టిదే. అతడు ఏమి పొందెనో చెప్పలేదు, ఎవరికి ఎన్ని రెట్లు తిరిగి యిచ్చునో చెప్పెను. పొందినదానిని మాత్రమే చెప్పుకొనుట అలవాటైన సంఘమున, ఏమియు పొందనివాడు మెల్లమెల్లగా వెనుక బెంచీకి, అచ్చటినుండి గేటువెలుపలికి పోవును. వాని విశ్వాసములో ఏదో లోపమున్నదని మనమే వానికి నేర్పియుంటిమి.

ఈ బేరపు భక్తికి క్లౌ దొర ఎంతగా భయపడెనో చూడుడు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన కఱవు వచ్చినది. ఆయన బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కంట్రాక్టు తీసికొని, ఆకలితో వచ్చిన వేలకొలది జనమునకు పనియు, కూలియు కల్పించెను. బోధకులు మట్టిపనిలో వారి ప్రక్కనే నిలిచి, సాయంకాలములయందు సువార్త చెప్పుచుండిరి. జనము బాప్తిస్మమిండని బ్రతిమాలిరి. ఆయన ఇయ్యలేదు. గింజలకొఱకు వచ్చుచున్నారో, క్రీస్తుకొఱకు వచ్చుచున్నారో తెలియని కాలమున ఇయ్యనని, పదునైదు నెలలపాటు ఒక్కరికిని ఇయ్యలేదు. ఈ దినములలో మన సంఘములలో ఎవరైన పదునైదు వారములు అట్లు ఆగగలరా యని నాకు సందేహము. సంఖ్యలు పంపవలసిన కార్యాలయములు ఊరకుండవు. సహాయము ముగిసిన పిమ్మట, ఇంక మీకిచ్చుటకు మాయొద్ద రొక్కము లేదని స్పష్టముగా చెప్పిన తరువాతకూడ జనము వచ్చిరి. అప్పుడే, 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లియొద్ద ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ సంఖ్యను మనము తఱచు వినుచున్నాము. దాని ముందున్న పదునైదు నెలల నిరాకరణను చెప్పువారు మిక్కిలి తక్కువ. గింజలకై వచ్చినవారు తప్పుచేసిరని నా యర్థము కాదు. ఆకలిగొన్నవాడు అన్నమునకు రావలెను; రానిచో ఇయ్యవలసినవారిదే దోషము. ఉద్యోగమును, ఇల్లును, కారును గల మనము ఆ కఱవుకాలపు చేతులు చాపుకొని ప్రతి ఆదివారము నిలుచుటయే వింత.

2021 జనవరిలో ఉక్కు కర్మాగారమును ప్రైవేటుపరము చేయు నిర్ణయము వచ్చినప్పటినుండి మన సంఘములలో ఆ కర్మాగారముకొఱకు ప్రార్థనలు జరుగుచున్నవి. నేనును ఆమేనన్నవాడనే. అయితే ఒక సంఘమున జరిగిన సంగతి చెప్పెదను; ఏ సంఘమో చెప్పుట నా యుద్దేశము కాదు, ఇట్టిది పలుచోట్ల నున్నదని మీకును తెలియును. కృతజ్ఞతార్పణల కవర్లు చదువునప్పుడు ఒక కంట్రాక్టరుగారి పేరును, ఆయన యిచ్చిన మొత్తమును వేదికమీదనుండి చదివిరి. చప్పట్లు మ్రోగినవి. వెనుకనుండి రెండవ బెంచీలో ఆయనక్రింద పనిచేయు కుఱ్ఱవాడొకడు కూర్చుండియుండెను; వానికి రెండు నెలల కూలి ముట్టలేదు. వాడు చప్పట్లు కొట్టలేదు, కోపపడనులేదు. చేతిలోని పాటల పుస్తకమును మూసి, దాని అట్టమీది దుమ్మును బొటనవ్రేలితో తుడుచుచు కూర్చుండెను. కోతవారికి ఇయ్యక బిగబట్టిన కూలి తానే మొఱపెట్టుననియు, ఆ మొఱ దేవుని చెవిని పడుననియు యాకోబు వ్రాసెను. ఆ యుదయమున ఆ యాలయములోనుండి పైకి పోయినవి రెండు ధ్వనులు. ఏది ముందుగా వినబడియుండునో మీరే చెప్పుడు. అదే యాకోబు బంగారపుటుంగరము పెట్టుకొన్నవానికి మంచి పీట వేయుటను గూర్చియు వ్రాసెను. ముందువరుస సోఫాల సంగతి నేనింతకంటె వ్రాయను.

ప్రభువు బల్లను గూర్చి వ్రాయుటకు చేయి ఆడుటలేదు గాని వ్రాయక తప్పదు. ఎన్నికలలోను, ఆస్తి వ్యాజ్యములలోను విరోధులైన ఇద్దరు పెద్దలు, ఏండ్ల తరబడి మాటలు లేనివారు, ఒకే బల్లనుండి రొట్టెయు రసమును తీసికొని పంచుదురు. ఒకరు కుడివైపు బెంచీలకు, ఒకరు ఎడమవైపు బెంచీలకు. ఒకరిచేతి పళ్లెము మఱియొకరిచేతికి పోకుండునట్లు ఆ యేర్పాటు ఎవరో తెలివైనవారు చేసిరి. సంఘమంతటికి దాని కారణము తెలియును. తెలిసియే అందఱమును తలవంచుకొని చిన్న గిన్నెలు అందుకొనుచున్నాము. అర్పణము బలిపీఠమునొద్ద విడిచి, ముందు సహోదరునియొద్దకు పొమ్మన్న ఆజ్ఞలో అర్థము కానిది ఒక్క ముక్కయు లేదు. క్షమింపలేకపోవుట బలహీనత, దానికి కన్నీరున్నది, ఔషధమున్నది. క్షమింపకయే బల్లయొద్దకు రావచ్చునని ఏర్పాటు చేసికొనుట కాఠిన్యము. పౌలు కొరింథువారిని అంత తీవ్రముగా మందలించినది వారి బల్లయొద్ద పాట సరిగా లేనందుకు కాదు, ఆకలిగొన్న సహోదరుని అక్కఱ వారికి లేనందుకు.

ఈ జనమే వేఱు విధముగా నుండగలదని చూచియున్నందుననే నాకీ ధైర్యము. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను మన పట్టణముపై విఱుచుకొనిపడినది ఆదివారమే. ఆ దినమున ఆలయములకు పోగలిగినవా రెవరు? రేకులు ఎగిరిపోయినవి, చెట్లు వీధులకు అడ్డముగా పడినవి. ఆ తరువాత దినముల తరబడి కరెంటు లేదు. మంచినీటి ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకొని నిలిచినవారిలో ఎవరు ఏమిట్లో ఎవరును అడుగలేదు. గోడ కూలిన పొరుగింటివారిని తమ యింట పండుకొనబెట్టుకొన్న కుటుంబములు మన సంఘములలోనే యున్నవి. వారిలో కొందఱు ఆ పొరుగువారితో అంతకుముందు మాటలాడి యెఱుగరు. పాలపొట్లమును మూడింతల ధరకు అమ్మినవారును మనలో నుండిరి, దాచుట యెందుకు? మైకులు, కీబోర్డులు లేని ఆ దినములలో క్రొవ్వొత్తి వెలుతురున పాడిన పాట శ్రుతి తప్పినది, తాళము తప్పినది. దానికంటె మంచి యారాధన నేనీ పట్టణమున వినలేదు.

ఇట్టి లేఖలు చదివి సంతోషించు నొక వర్గము సంఘములలో నున్నది. వెనుక బెంచీలో చేతులు కట్టుకొని కూర్చుండి, వర్తమానములోని తప్పులు లెక్కపెట్టుకొనుచు, వీరందఱు వేషధారులు, నేనొక్కడనే నిజము తెలిసినవాడనని తలంచువారు వారు. దేవాలయములో నిలువబడి, ఆ సుంకరివంటివాడను కానందుకు స్తోత్రమని ప్రార్థించిన పరిసయ్యుడు వారికి దగ్గఱి బంధువు. ఈ లేఖ వారి చేతికి ఆయుధముగా ఇయ్యబడలేదు.

మీయొద్ద కొన్ని కోరికలు గలవు. అన్నియు చిన్నవే, ఖర్చు లేనివే. ఈ సంవత్సరపు పళ్లెములో వాగ్దాన కార్డులతో సమానముగా ఆజ్ఞల కార్డులను కలిపి పెట్టుడు. వచ్చినది మార్చుకొనరాదని ముందే చెప్పుడు. కొత్త సంవత్సరపు మొదటి ప్రభువు బల్లను రెండు వారములముందు ప్రకటించి, విరోధములున్నవారిలో సంఘపెద్దలే ముందుగా ఒకరి యింటికొకరు పోవునట్లు చేయుడు; పోనివారు ఆ దినమున పళ్లెము పట్టకుందురు గాక. అర్పణల మొత్తములను వేదికమీద చదువుట మానుడు. కూలివారిని పెట్టుకొని పనిచేయించు సభ్యుడు కృతజ్ఞతార్పణ తెచ్చినప్పుడు, కూలి చెల్లించితివా యని ఏకాంతముగా అడిగి తీసికొనుడు. పెండ్లి ప్రకటనలు చదువుటకు ముందు రెండు కుటుంబములను కూర్చుండబెట్టి, ఆ మూడవ ప్రశ్నను, నాల్గవ మాటను గూర్చి వారు ఏమి చేసిరో విచారింపుడు. ఇవి చేసినయెడల కొన్ని కుటుంబములు ప్రక్కవీధిలోని సంఘమునకు పోవును. అందుచేతనే యీ లేఖను ఒక సంఘమునకు కాక, ఆ ప్రక్కవీధి సంఘమునకుకూడ కలిపి వ్రాసితిని.

వీనిలో ఏది ఆచరణకు సాధ్యము కాదని మీకు తోచునో, ఎందుచేత సాధ్యము కాదో, దయతో బహిరంగముగనే వ్రాయుడు. మా సంఘపు సర్వసభ్య సమావేశము జనవరిలో జరుగును. కార్యక్రమ పట్టికలో కూలి సంగతిని చేర్పింపుమని మా కార్యదర్శిగారికి ఈ దినముననే వేఱొక యుత్తరము వ్రాసి యిచ్చితిని.

ఇట్లు,
మీ సహోదరుడు,
విశాఖపట్టణమందలి ఒక సంఘ సభ్యుడు